ముప్పై మూడో కాగితం

మార్చి 2, 2025, ఆదివారం

సాల్మె గారికి ఇంగ్లీషు పోయింది.

మార్చి 3

నిన్న ఆ ఒక్క ముక్క రాసి పెన్ను మూసేశాను. ఇవాళ కాస్త నిదానంగా రాస్తాను.

సాల్మె గారు పిల్లల కథలు రాస్తారు. ఎనభై ఏడేళ్లు. ఎస్టోనియా మనిషి. పోయిన నెల స్ట్రోక్ వచ్చి వంటగదిలో పడిపోయారు. కుడి చెయ్యి పోయింది. దాంతోపాటు డెబ్బై అయిదేళ్లుగా మాట్లాడిన ఇంగ్లీషూ పోయింది. ఆరేళ్లప్పుడు ఏ భాషతో పడవెక్కారో అదొక్కటే మిగిలింది. కేర్ హోమ్‌లో ఆ భాష తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. నర్సమ్మ ఫైల్లో కన్‌ఫ్యూజ్డ్ అని రాసిపెట్టింది. కన్‌ఫ్యూజన్ కాదమ్మా, అది ఎస్టోనియన్ అని చెప్పాను. ఆవిడ నవ్వి నాకో జ్యూస్ ఇచ్చింది. నన్ను కూడా పేషెంటనుకున్నట్టుంది.

నా కూతురు నళిని డ్రైవ్ చేసి తీసుకెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు అడిగింది, నీకూ ఆ భాష రాదు కదా నాన్నా, గంటసేపు ఏం మాట్లాడావు అని. మాట్లాడలేదు, ఆవిడ పుస్తకం చదివి వినిపించాను అన్నాను. అర్థం కాకుండానా అంది. అర్థం కాకుండానే అన్నాను. సిగ్నల్ దగ్గర నా మొహం కేసి చూసిన చూపు చూస్తే, ఇంటికెళ్లగానే నాకూ స్కాన్ బుక్ చేసేలా ఉంది.

మార్చి 5

గోపీనాథ్‌తో వాకింగ్. గుండె డాక్టరు, రిటైరై పన్నెండేళ్లయింది, ఇక్కడ న్యూజెర్సీలో మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ల చుట్టూ రోజూ నాలుగు రౌండ్లు వేయిస్తాడు. సాల్మె గారి సంగతి చెబితే, ఆ దేశం మొత్తం కలిపినా మన పాత గుంటూరు జిల్లాలో మూడోవంతు జనం ఉండరు, దానికో భాష, ఆ భాషకో పిల్లల రచయిత్రి, ఆవిడకో తెనాలి కంపోజిటరు, దేవుడికి పనీపాటా లేదయ్యా గౌరీ అన్నాడు.

మాట నిజమే. నేను ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టి తెనాలిలో అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పనికి చేరినవాణ్ణి. చదివిన చదువంతా తలకిందులుగా, కుడి నుంచి ఎడమకి, సీసం అక్షరాల్లో చదివాను. డెబ్బై నాలుగులో మా డాక్టరు బావగారు స్పాన్సర్ చేస్తే ఈ దేశం వచ్చాను. పార్టీల్లో అందరూ నన్ను ఏం ప్రాక్టీస్ చేస్తారండీ అని అడిగేవాళ్లు. అచ్చు అనేవాణ్ణి. అదేదో చర్మవ్యాధుల స్పెషాలిటీ అనుకుని ఒకావిడ మోచెయ్యి చూపించింది.

ఇక్కడ ఓస్కార్ అని ఒకాయనకు చిన్న ప్రెస్ ఉండేది. దేశం వదిలొచ్చిన ఎస్టోనియా వాళ్లకు పుస్తకాలు వేసేవాడు. మూడొందల కాపీలు, అయిదొందల కాపీలు. ఊరంతా ఆఫ్‌సెట్‌కి మారినా ఆయన పిల్లల పుస్తకాలను చేత్తోనే కూర్చాలనేవాడు. నన్ను పనిలో పెట్టుకున్నది నాకు వాళ్ల భాష రానందుకే. భాష వచ్చిన కంపోజిటరు అక్షరం చూడడు, అర్థం చూస్తాడు, తనకు తోచింది పెడతాడు. రానివాడు రచయిత పెట్టిందే పెడతాడు. సాల్మె గారు నన్ను తప్ప ఇంకొకర్ని తన పుస్తకం ముట్టుకోనిచ్చేవారు కాదు.

ప్రూఫు దిద్దేటప్పుడు రాతప్రతిని నేను పైకి చదవాలి, ఓస్కార్ అచ్చులో సరిచూసుకోవాలి. ఆ భాష మన తెలుగులాగే ఎలా రాస్తే అలా పలుకుతుంది. పదహారేళ్లు పలికాను. ఆమె రాసిన పదకొండు పుస్తకాలూ నా నోట్లోంచి పోయాయి, ఒక్క వాక్యం బుర్రలోకి పోలేదు.

మార్చి 9, ఆదివారం

ఇవాళ నాలుగో పుస్తకం చదివాను. గుర్రం పుస్తకం. చివరి పేజీ అవగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒక వాక్యం అన్నారు. మళ్లీ అన్నారు. మూడోసారి గట్టిగా అన్నారు. అందులో గుర్రం అనే మాట ఒక్కటే నాకు తెలుసు, అది పుస్తకం పేరు కాబట్టి.

దేన్ని గురించి అడుగుతున్నారో తెలుసు.

మార్చి 10

ఇది ఎక్కడా రాయలేదు. మా ఆవిడ ఉన్నప్పుడు ఆవిడకూ చెప్పలేదు.

1978. అచ్చులో పదహారు పేజీలు ఒక ఫారం. గుర్రం పుస్తకం రెండు ఫారాలు, ముప్పై రెండు పేజీలు అని ఓస్కార్ లెక్క చెప్పాడు. సాల్మె గారి రాతప్రతిలో ఒక్కో కాగితం అచ్చులో ఒక్కో పేజీ, కానీ ముప్పై మూడు కాగితాలున్నాయి. ఆవిడకో అలవాటు, ప్రతి రాతప్రతికీ చివర ప్రెస్సు వాళ్లకు నాలుగు లైన్ల కృతజ్ఞత రాసి పెట్టేవారు. మొదటి మూడు పుస్తకాలకూ అంతే. ముప్పై మూడో కాగితం చూశాను. ఆరు లైన్లే ఉన్నాయి. ఇదీ అదే అనుకుని గోడకున్న మేకుకి గుచ్చేశాను. ఆ వారం ఓస్కార్‌కి హెర్నియా ఆపరేషన్. నేనే చదువుకుని నేనే దిద్దుకుని, నేనే మిషనెక్కించాను. మూడొందల కాపీలు కుట్టి అట్టలేశాక తెలిసింది, మేకుకి వేలాడుతున్నది కథ చివర అని.

కథ ఓస్కార్ అప్పుడు చెప్పాడు, క్లుప్తంగా, బూతులతో కలిపి. యుద్ధం. ఒక పాప, వాళ్లమ్మ, ఇంకా కొందరు పడవలో స్వీడన్ పారిపోతుంటారు. వాళ్ల గుర్రం ఒడ్డున నీళ్లలో నిలబడి చూస్తుంటుంది. ముప్పై రెండో పేజీ అక్కడితో అయిపోతుంది.

సాల్మె గారికి కబురు చేశాం. వచ్చారు. ఆ ఒక్క కాగితం విడిగా వేసి ప్రతి కాపీలో అతికిస్తానని బతిమాలాను. నా రెండు వారాల జీతం పట్టుకోండి అన్నాను. ఆవిడ మేకు మీంచి కాగితం తీసుకుని మడిచి పర్సులో పెట్టుకున్నారు. వదిలెయ్యండి అన్నారు. ఎంత మంచి మనసు అనుకున్నాను. నలభై ఏడేళ్లుగా అలాగే అనుకుంటున్నాను.

మార్చి 12

తర్వాత జరిగింది కూడా రాయాలి, లేకపోతే నా తప్పు ఒక్కటే మిగిలిపోతుంది.

ఆ పుస్తకం వల్లే ఆవిడకు పేరొచ్చింది. శనివారాలు చర్చి బేస్‌మెంట్లలో వాళ్ల పిల్లలకు భాష నేర్పే బడులుండేవి. మన గోపీనాథ్ మనవలు ఆదివారం మధ్యాహ్నం ఏడుపుమొహాలతో వెళ్లే తెలుగు క్లాసు లాంటివే. ఆ పిల్లలు గుర్రం పుస్తకం చదివి ఏడ్చారు. ఏడ్చి ఉత్తరాలు రాశారు. గుర్రం ఏమైంది? న్యూజెర్సీ, టొరంటో, సిడ్నీ నుంచి. పేరు, పక్కన వయసు. సాల్మె గారు ప్రతి పిల్లకీ చేత్తో జవాబు రాశారు. ఒకరికి రాసింది ఇంకొకరికి రాయలేదు. ఎవరి గుర్రం వాళ్లది. నియమం ఒక్కటే, ఒక పిల్లకి ఒక్కటే ఉత్తరం. మళ్లీ రాస్తే జవాబుండదు. ఉత్తరం రాయని పిల్లకి నోటితో కూడా చెప్పరు. చర్చిలో గౌను పట్టుకుని అడిగినా సరే, రాసి పంపు అనేవారు.

వాళ్ల దేశానికి స్వాతంత్య్రం వచ్చాక తొంభై రెండులో వెళ్లి అక్కడి బళ్లో చదివి వినిపించారు. పిల్లలు మర్యాదగా విన్నారట. అమ్మమ్మలా మాట్లాడుతున్నారు అన్నారట. తిరిగొచ్చి, గౌరీశంకర్, నేను మ్యూజియంలో పెట్టాల్సిన భాష రాస్తున్నాను అన్నారు. ఆ తర్వాత ఒక్క పుస్తకమే రాశారు.

మార్చి 16, ఆదివారం

అదే వాక్యం. ఆరుసార్లు.

మార్చి 19

పర్సు వెతికించాను. వాళ్ల పక్కింటావిడ చేత ఇల్లంతా వెతికించాను. కాగితం లేదు. పిల్లలు లేని మనిషి, భర్త పోయి ఇరవై ఏళ్లు. అడగడానికి ఇంకెవరూ లేరు.

వేరే దారి తోచింది. కాగితం లేకపోతే ఉత్తరాలున్నాయి కదా. వాటిలో ఏదో ఒకటి అసలు ముగింపు అయి ఉంటుంది. నళినిని అడిగితే ఎస్టోనియా వాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులో పోస్ట్ చేసింది. చేస్తూ, నాన్నా, ఈ టైమ్‌లో సగం నీ షుగర్ టెస్ట్‌కి కేటాయించవా అని సణిగింది.

మార్చి 27

తొమ్మిది ఉత్తరాలొచ్చాయి. ఫోన్లో ఫొటోలు, కింద ఇంగ్లీషులో అర్థం. పంపినవాళ్లందరికీ యాభై దాటాయి. ఒకాయన జడ్జి.

ఒక గుర్రం నీళ్ల మీద నడుచుకుంటూ స్వీడన్ వెళ్లింది. ఒకటి సర్కస్‌లో చేరి సైనికుల టోపీలు తినేసింది. ఒకటి రోజూ రేవుకొచ్చి వచ్చిన పడవలన్నీ లెక్కపెడుతుంది. జడ్జి గారికి చిన్నప్పుడు నత్తి అట. ఆయన గుర్రం మాట్లాడటం నేర్చుకుంది, కానీ మెల్లగా మాట్లాడుతుంది, దాన్ని ఎవరూ తొందరపెట్టరు.

నేను మొదటిసారి సాల్మె గారిని చదివాను. ఇన్నాళ్లూ అక్షరాలే చూశాను.

మార్చి 30, ఆదివారం

తొమ్మిదీ ఆవిడకు చదివి వినిపించాను. ఒక్కోదానికీ తల అడ్డంగా ఊపారు. తొమ్మిదోదానికి మొహం గోడవైపు తిప్పేసుకున్నారు.

ఏప్రిల్ 6

వెళ్లలేదు. జ్వరమని చెప్పాను. జ్వరం లేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇవాళ రీట్ వచ్చింది. ఉత్తరం పంపిన వాళ్లలో ఒకామె. దంతవైద్యుడి దగ్గర హైజీనిస్ట్‌గా చేస్తుంది. మనిషి గట్టిది, నవ్వు కూడా గట్టిదే. నన్ను మిస్టర్ శంకర్ అంటుంది. ఫొటోతో ఆగలేక అసలు ఉత్తరమే పట్టుకొచ్చింది, ప్లాస్టిక్ కవర్లో.

సాల్మె గారు ఆమె భాష వినగానే లేచి కూర్చున్నారు. ఇన్ని వారాల తర్వాత తనతో మాట్లాడే మనిషి. ఇద్దరూ ముప్పావు గంట మాట్లాడుకున్నారు. నేను కిటికీ దగ్గర కుర్చీలో పెళ్లివారింట్లో డ్రైవర్లా కూర్చున్నాను. మధ్యలో ఆ వాక్యం వచ్చింది. రీట్ గట్టి మొహం కాస్తా పాలిపోయింది.

బయట పార్కింగ్ లాట్‌లో చెప్పింది. ముందు పుస్తకం తెరిచి ముప్పై రెండో పేజీ నాకు ఇంగ్లీషు చేసి చదివింది. ఆ పేజీలో ఉన్నది గుర్రం ఒక్కటే కాదు. గుర్రం పక్కన నడుముల్లోతు నీళ్లలో ఒక మనిషి, కళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పాప వాళ్ల నాన్న. ఓస్కార్ నాకు ఆ మాట చెప్పలేదు. ఓస్కార్ కూడా గుర్రాన్నే చూశాడు.

ఆ వాక్యం రీట్ చెప్పినట్టే రాస్తున్నాను. "అందరూ గుర్రాన్నే అడిగారు."

పిల్లలు రాసినవి రెండొందల ఉత్తరాలట. ఆ మనిషి ఏమయ్యాడని ఒక్క పిల్లా అడగలేదు. రీట్ కూడా అడగలేదు, తొమ్మిదేళ్లప్పుడు. ప్లాస్టిక్ కవర్లోంచి తన ఉత్తరం తీసి మళ్లీ చదువుకుంది.

నేను ముప్పై మూడో కాగితం సంగతి అడిగాను. రీట్ గదిలో ఉన్నప్పుడే అది కూడా అడిగింది. నాన్న తర్వాతి పడవలో వచ్చాడని ఉందట అందులో. అబద్ధం కాబట్టి, పర్సులో పెట్టుకెళ్లిన సాయంత్రమే సాల్మె గారు దాన్ని పొయ్యిలో వేశారట.

మరి ఆయన ఏమయ్యాడో ఇప్పుడు అడగలేకపోయావా అన్నాను, కొంచెం కోపంగానే. అడిగింది. సాల్మె గారు వేలు చూపించి మందలించారట. నీకు డెబ్బై తొమ్మిదిలోనే జవాబిచ్చాను, ఒక పిల్లకి ఒకటే అని.

ఏప్రిల్ 14

గోపీనాథ్‌తో చెప్పాను. మూడో రౌండ్‌లో, ఆవిడ బీపీ, కిడ్నీ నంబర్లు నీ ఫోన్లో చూపించావు కదా గౌరీ, ఏం చేసినా తొందరగా చెయ్యి అన్నాడు.

ఏప్రిల్ 15

ఉత్తరం రాయనివాణ్ణి ఒకణ్ణి ఉన్నాను కదా. ఆ పుస్తకం అందరికంటే ముందు చదివిందీ నేనే.

ఏప్రిల్ 17

తెలుగులో రాశాను. తర్వాత నాకొచ్చిన ఇంగ్లీషులో. రీట్ దాన్ని ఎస్టోనియన్ చేసి టెక్స్ట్ చేసింది. అక్షరం అక్షరం చూసి తెల్లకాగితం మీద రాశాను, అచ్చుకు కూర్చినంత శ్రద్ధగా.

సాల్మె గారికి, మీ గుర్రం పుస్తకం చదివాను. కళ్లెం పట్టుకున్న మనిషి ఏమయ్యాడు? గౌరీశంకర్, 78 ఏళ్లు.

స్టాంపు అంటించి పోస్ట్ చేశాను. చేతికిచ్చేద్దువు కదా నాన్నా అంది నళిని. ఆవిడ చేతికిచ్చినవాటికి జవాబివ్వరు. నళిని నాతో పాటు పోస్ట్‌బాక్స్ దాకా నడిచింది. షుగర్ మాట ఎత్తలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఉత్తరం ఆవిడ ఒళ్లో ఉంది. ఎన్నిసార్లు విప్పి మడిచారో, మడతల దగ్గర నలిగిపోయింది.

రీట్ రాలేదు, వాళ్లమ్మాయికి కాన్పు. ఫోన్లో రికార్డ్ చెయ్యమని మరీ మరీ చెప్పింది. నేను ఫోన్ బయటికి తీయగానే సాల్మె గారు దాన్ని దుప్పటి కింద పెట్టేశారు. కుడి చెయ్యి చూపించారు, అది కదలదు. నా జేబులో పెన్ను చూపించారు. ఆవిడ ఉత్తరాలు చేత్తో రాసినవే ఉండాలి. ఇక నా చెయ్యే ఆ చెయ్యి.

ఆవిడ చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో అంత వేగంగా నావల్ల కాలేదు. తెలుగులో రాశాను. దీర్ఘం వినబడితే దీర్ఘం, ఒత్తు వినబడితే ఒత్తు. నాకు అర్థం కానందువల్ల ఎక్కడా ఆగలేదు. రెండుసార్లు ఆవిడ ఏడ్చారు. ఏ మాటకో తెలియదు కనక ఆ మాటల కింద చుక్క పెట్టుకున్నాను.

నాలుగు పేజీలయ్యాక నిద్రపోయారు. ఇంకా అవలేదని మాత్రం తెలిసింది.

మే 1

కేర్ హోమ్ నుంచి ఫోన్. న్యుమోనియా. గురువారమైనా నళిని ఆఫీస్‌కి వెళ్లకుండా నన్ను తీసుకెళ్లింది. ఆక్సిజన్ మాస్క్ పక్కకి లాగి చెబుతున్నారు. నర్సమ్మ మాస్క్ పెట్టేస్తుంది, ఈవిడ లాగేస్తారు. చివరికి నళిని వెళ్లి నర్సమ్మతో ఏదో మాట్లాడింది. ఆ తర్వాత ఆమె మధ్యమధ్యలో మాస్క్ పెట్టడానికి మాత్రమే వచ్చింది.

తొందరతొందరగా రాశాను. అక్షరాలు వంకర పోయాయి. మొత్తం ఏడు పేజీలు. చివర ఆవిడ ఎడమ చేత్తో పెన్ను తీసుకున్నారు. సంతకం చేయించాను. ఎస్ ఒక్కటే వచ్చింది. చాలన్నారు. అంటే, అలా చూశారు.

మే 3

తెల్లవారి అయిదున్నరకు.

మే 7

చర్చిలో పదకొండు మంది. జడ్జి గారు వచ్చారు, గుర్రం ఉత్తరం చదివారు, మెల్లగా. ఎవరూ తొందరపెట్టలేదు. నన్ను మాట్లాడమన్నారు. మాటకారినని నాకు పేరు. లేచి నిలబడి, నేను ఆవిడ ప్రింటర్‌ని అని చెప్పి కూర్చున్నాను.

మే 11, ఆదివారం

రీట్ మా ఇంటికొచ్చింది. నళిని కాఫీ ఇచ్చింది. ఏడు పేజీలు ముందు పెట్టుకుని, తెలుగు అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు పైకి చదివాను. ఆమె కళ్లు మూసుకుని విని, వాక్యానికి వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. కొన్నిచోట్ల మళ్లీ చదవమంది. చుక్క పెట్టిన మాటలు రెండే. ఒకటి నాన్న. రెండోది చోటు.

మొదటి ఆరు పేజీలు వాళ్ల నాన్న గురించే. గడ్డం ఎలా గీసుకునేవాడు, ఆపిల్ పళ్లు ఏ జేబులో పెట్టుకునేవాడు, గుర్రాన్ని ఏమని తిట్టేవాడు. ఆరేళ్ల పిల్లకు ఎంత గుర్తుంటుందో అంతా.

ఏడో పేజీ రేపు రాస్తాను, ఆవిడ మాటల్లోనే.

మే 12

గుర్రానికి ఈత వచ్చు. వదిలేస్తే పడవ వెనకే వచ్చి ఎక్కబోతుంది, పడవ తిరగబడుతుంది. ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. అందుకని నాన్న పట్టుకున్నాడు. పడవలో ఆయన చోటు స్వీడన్ దాకా అలాగే ఉంది. ఇరవై ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. ఎవరూ అందులోకి కాళ్లు చాపలేదు.